న్యూరల్ నెట్‌వర్కా, జెనెటిక్ అల్గారిథమా, పాత లెక్కే చాలా? వ్యాపార నిర్ణయాల్లో దేనికి ఏది

న్యూరల్ నెట్‌వర్క్ మేలా, జెనెటిక్ అల్గారిథం మేలా అని చాలామంది అడుగుతారు. ఆ రెంటికీ పోటీయే లేదు. న్యూరల్ నెట్‌వర్క్ పాత ఉదాహరణల నుంచి నేర్చుకుని జరగబోయేదాన్ని అంచనా కడుతుంది. వచ్చే వారం ఈ బిస్కెట్ ఎన్ని పెట్టెలు పోతుంది, ఈ కొట్టుకు అరువిస్తే డబ్బు తిరిగొస్తుందా అన్నవి దాని ప్రశ్నలు. జెనెటిక్ అల్గారిథం (జవాబులను జతకట్టి, మార్చి, తరం తరానికీ మంచివాటిని మిగిల్చేది), చీమల దండు పద్ధతి, పార్టికల్ స్వార్మ్ (పక్షుల గుంపులా కలిసి వెతికేది) మాత్రం ఏం చేయాలో వెతుకుతాయి. నాలుగు వ్యాన్లు, నూట ఇరవై కొట్లు ఉన్నప్పుడు ఏ సరుకు ఏ వ్యాన్‌లో, ఏ వరసలో పోవాలన్నది వాటి ప్రశ్న. అసలు పోటీ ఒక్కో వైపు లోపలే ఉంది. న్యూరల్ నెట్‌వర్క్ ఎదుట ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్, గ్రేడియెంట్ బూస్టింగ్ (ఒకదాని తప్పును మరొకటి దిద్దేలా చిన్న చిన్న నిర్ణయ చెట్లను పేర్చేది), లాజిస్టిక్ రిగ్రెషన్ (అవునా కాదా అన్నదానికి అవకాశమెంతో లెక్కకట్టేది) నిలబడతాయి. జెనెటిక్ వగైరాల ఎదుట లీనియర్, ఇంటీజర్ ప్రోగ్రామింగ్ సాల్వర్లు, అంటే షరతులను సమీకరణాలుగా రాసిస్తే అత్యుత్తమ జవాబును గణితంతో తేల్చే సాఫ్ట్‌వేర్లు, నిలబడతాయి. మీ ప్రశ్న ఈ రెంటిలో ఏదో తేల్చుకోకుండా సాఫ్ట్‌వేర్ కొనకండి.

ఇక్కడ ఉదాహరణగా సబ్బులు, బిస్కెట్లు, నూనెలు పంచే డిస్ట్రిబ్యూషన్ వ్యాపారాన్ని తీసుకుంటున్నాం. అంచనా, రూటు, అరువు మూడూ అందులో ఒకేచోట దొరుకుతాయి.

అంచనా: ముందు దాటాల్సిన గీత

ఏ మోడల్ ముట్టుకోకముందే రెండు చవక లెక్కలు చేసి పెట్టుకోండి. ఒకటి, "పోయినేడు ఇదే వారం ఎంత పోయిందో ఇప్పుడూ అంతే". రెండోది ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్, అంటే దగ్గరి వారాలకు ఎక్కువ బరువు, పాతవాటికి తక్కువ బరువు ఇచ్చే సగటు. రెండూ ఎక్సెల్‌లో ఒక్క పూటలో అయిపోతాయి. వీటిని దాటని మోడల్‌ను, దాని పేరు ఎంత గొప్పదైనా, పక్కన పెట్టండి.

ఇది అతిజాగ్రత్త అనిపించవచ్చు. కానీ స్పైరోస్ మక్రిడాకిస్ నడిపిన అంచనాల పోటీలు చెప్పేదీ ఇదే. 2018 నాటి ఎం4 పోటీలో లక్ష సిరీస్‌లు, అంటే కాలక్రమంలో వచ్చే అంకెల వరసలు, ఇచ్చారు. పూర్తిగా మెషిన్ లెర్నింగ్ మీదే ఆధారపడ్డ ఎంట్రీలు ఆరొచ్చాయి. మామూలు స్మూతింగ్ పద్ధతుల సగటును వాటిలో ఒక్కటీ దాటలేదు. గెలిచింది అప్పట్లో ఉబర్‌లో పనిచేసిన స్లావెక్ స్మిల్. ఆయన స్మూతింగ్‌ను తీసేయలేదు, దాన్నీ న్యూరల్ నెట్‌వర్క్‌నూ ఒకే మోడల్‌లో కలిపారు. 2020లో జరిగిన ఎం5లో వాల్‌మార్ట్ వాళ్ల 10 స్టోర్లు, 3,049 వస్తువుల రోజువారీ అమ్మకాలు ఇచ్చారు. అక్కడ పైస్థానాలు ఎక్కువగా లైట్‌జీబీఎం అనే గ్రేడియెంట్ బూస్టింగ్ పనిముట్టు వాడినవాళ్లకు దక్కాయి. అప్పుడు కూడా పాల్గొన్న జట్లలో పదోవంతైనా స్మూతింగ్ గీతను దాటలేదు.

రెండేళ్లలో మారింది అల్గారిథంల కంటే డేటా. ఎం4 సిరీస్‌లకు ఒకదానితో ఒకదానికి పెద్దగా సంబంధం లేదు, పక్కన వేరే సమాచారమూ లేదు. ఎం5లో ధరలున్నాయి, పండగలున్నాయి, ఒకే షాపులో పక్కపక్కన అమ్ముడయ్యే వేల వస్తువులున్నాయి. ఎంపికకు ఆధారం ఇదే. మీ దగ్గర ఒక్కో వస్తువుకు అమ్మకాల అంకెలు తప్ప ఇంకేం లేకపోతే స్మూతింగ్. ధర, స్కీము, పండగ, ప్రాంతం లాంటి వివరాలతో కొన్ని వందల నుంచి వేల సిరీస్‌లుంటే గ్రేడియెంట్ బూస్టింగ్. న్యూరల్ నెట్‌వర్క్ వంతు ఆ తర్వాతే.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. ఒక వస్తువుకు మూడేళ్ల వారాల అమ్మకాలంటే 156 అంకెలు. 64 యూనిట్ల ఒక్క పొర ఎల్‌ఎస్‌టీఎంకు (వరస అంకెల కోసం కట్టిన న్యూరల్ నెట్‌వర్క్ రకం), ఇన్‌పుట్ ఒక్కటే అయినా, నేర్చుకోవాల్సిన పరామితులు, అంటే లోపలి అంకెలు, 4 × (64 + 64 × 64 + 64), అంటే 16,896. నూట యాభై ఆరు అంకెలతో పదహారు వేల పైచిలుకు పరామితులు కుదర్చడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఆ మోడల్ పాత అమ్మకాలను అచ్చుగుద్దినట్టు అప్పజెబుతుంది, వచ్చే నెల దగ్గర బోల్తా పడుతుంది. అందుకే ఒక్కో వస్తువుకు ఒక్కో నెట్‌వర్క్ కట్టే పద్ధతి మానేయాలి. వాడదలిస్తే అన్ని వస్తువులనూ కలిపి ఒకే మోడల్‌కు నేర్పాలి. రెండు వేల వస్తువులైతే అవే 156 వారాలు మూడు లక్షల పైచిలుకు వరసలవుతాయి, అప్పుడు లెక్క నిలబడుతుంది.

న్యూరల్ నెట్‌వర్క్ నిజంగా ముందుండే చోట్లూ ఉన్నాయి. అమ్మకాల చరిత్రే లేని కొత్త వస్తువుకు దాని వివరణ, బొమ్మ, ప్యాకింగ్‌ను బట్టి పాతవాటితో పోల్చి అంచనా వేయడం ఒకటి. కస్టమర్ల ఫిర్యాదులు, బిల్లుల ఫొటోలు, ఫోన్ సంభాషణలు లాంటి అక్షరాలూ బొమ్మలూ మాటల నుంచి సమాచారం తీయడం ఇంకొకటి. అక్కడ వేరేదాని గురించి ఆలోచించే పనే లేదు. ముందే శిక్షణ పొంది వచ్చే టైమ్ సిరీస్ మోడళ్లు, అమెజాన్ వాళ్ల క్రోనోస్, గూగుల్ వాళ్ల టైమ్స్‌ఎఫ్‌ఎం లాంటివి, 2024 నుంచి అందుబాటులో ఉన్నాయి. వీటికి మీరేమీ నేర్పనక్కర్లేదు కాబట్టి మూడో చవక గీతగా పెట్టుకోవచ్చు. వాటిని పరీక్షించేది మాత్రం మీ సొంత అమ్మకాల మీదే కావాలి. నెట్‌లో దొరికే డేటాను అవి శిక్షణలోనే చూసి ఉండొచ్చు.

దేశ ఆర్థిక అంకెల దగ్గరికొస్తే న్యూరల్ నెట్‌వర్క్‌కు పని మరీ తక్కువ. మన త్రైమాసిక జీడీపీ అంకెలు 1996 నుంచి లెక్కేసినా నూట ఇరవైకి అటూఇటూ. ఆ కాస్త డేటాకు ఫ్యాక్టర్ మోడళ్లు (ఎన్నో సూచికలను కొన్ని ఉమ్మడి కదలికలుగా కుదించేవి), మామూలు రిగ్రెషన్ చాలు.

అమ్మకాల డేటా దగ్గర చెడేది

అంచనా చెడినప్పుడు మోడల్‌ను మార్చడం కంటే డేటాను తవ్వడం ఎక్కువ ఫలితమిస్తుంది. మొదట చూడాల్సింది అది ప్రైమరీ సేల్సా, సెకండరీ సేల్సా అన్నది. కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కు వేసిన బిల్లు ప్రైమరీ, డిస్ట్రిబ్యూటర్ కొట్టుకు వేసిన బిల్లు సెకండరీ. ప్రైమరీ అంకెల్లో నెల చివరి వారం కొండలా లేస్తుంది. అది గిరాకీ కాదు, టార్గెట్ కోసం తోసిన సరుకు. దాని మీద నేర్చిన మోడల్ సేల్స్ టీమ్ అలవాట్లను నేర్చుకుంటుంది తప్ప జనం కొనుగోళ్లను కాదు.

రెండోది సున్నాలు. స్టాకు లేక అమ్మని రోజు కూడా డేటాలో సున్నాయే, ఎవరూ అడగని రోజు కూడా సున్నాయే. గోడౌన్ ముగింపు నిల్వను పక్కన పెట్టి, నిల్వ లేని రోజులను "తెలియదు" అని గుర్తించాలి. అలా చేయకపోతే మోడల్ తక్కువ చెబుతుంది, మీరు తక్కువ తెప్పిస్తారు, మళ్లీ స్టాకు అయిపోతుంది, ఆ సున్నా మళ్లీ మోడల్‌కే చేరుతుంది. ఈ ఊబిలోంచి మోడల్ దానంతటది బయటపడదు.

పండగల సంగతి మనకు మరీ ముఖ్యం. సంక్రాంతి జనవరి 14, 15 దాటి కదలదు కాబట్టి ఏడాదిలో ఎన్నో వారం అన్న కాలమ్ చాలు. దీపావళి అలా కాదు. 2023లో నవంబర్ 12, 2024లో అక్టోబర్ 31, 2025లో అక్టోబర్ 20. ఉగాది 2024లో ఏప్రిల్ 9 అయితే మరుసటేడు మార్చి 30. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. "పోయినేడు ఇదే వారం" లెక్క ఇక్కడే తప్పుతుంది. తేదీకి బదులు "దీపావళికి ఇంకా ఎన్ని రోజులు" అన్న కాలమ్ పెట్టి, ముందు 21 రోజుల నుంచి తర్వాత 7 రోజుల దాకా అంకె ఇవ్వండి. ఈ ఒక్క కాలమ్ వల్ల మామూలు బూస్టింగ్ మోడల్ పంచాంగం తెలియని నెట్‌వర్క్‌ను దాటిపోతుంది.

ఇంకో చిక్కు 2025 సెప్టెంబర్ 22. ఆ రోజు సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, బిస్కెట్ లాంటి వాటి మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. నవరాత్రులు మొదలైందీ ఆ రోజే, ముందు రోజు నుంచే బతుకమ్మ. రేటు తగ్గుతుందని తెలిసి అంతకుముందు వారాల్లో కొనుగోళ్లు ఆగాయి, ఆ తర్వాత ఒక్కసారిగా కదిలాయి. ఆ పెరుగుదలలో పండగ వాటా ఎంత, పన్ను వాటా ఎంత అని ఆ ఒక్క ఏడాది డేటాతో ఏ నెట్‌వర్కూ విడదీయలేదు. ధరను ఇన్‌పుట్‌గా ఇచ్చి, ఆ అయిదారు వారాలకు విడిగా ఒక గుర్తు పెట్టండి. లేకపోతే మరుసటేడు దసరాకు మోడల్ ఉత్సాహం చూపించి గోడౌన్ నింపేస్తుంది.

పరీక్షించే తీరులో తరచూ జరిగే తప్పు, వరసలను కలిపి యాదృచ్ఛికంగా శిక్షణకూ పరీక్షకూ పంచడం. అలా చేస్తే జూన్ అంచనాకు జూలై కూడా సాయపడుతుంది, అంకెలు అద్భుతంగా కనిపిస్తాయి. కాలక్రమం తప్పకూడదు. మార్చి వరకు నేర్పి ఏప్రిల్ చూడాలి, ఏప్రిల్ వరకు నేర్పి మే చూడాలి. ఇలా కనీసం ఆరు మెట్లు, అందులో ఒక పండగైనా ఉండాలి. అంకెలను ఒకే స్థాయికి తెచ్చే స్కేలింగ్‌కు వాడే సగటు కూడా శిక్షణ భాగం నుంచే తీయాలి. కొలతకు మ్యాపీ, అంటే ఒక్కో రోజు తప్పును ఆ రోజు అమ్మకంలో శాతంగా తీసి సగటు కట్టేది, వద్దు. అమ్మకం సున్నా ఉన్న రోజు అది సున్నాతో భాగించబోతుంది, ఒకటి రెండు ముక్కలు పోయిన రోజు తప్పును కొండంత చేసి చూపిస్తుంది. మొత్తం తప్పును మొత్తం అమ్మకంతో భాగించే వేపీ చాలు.

ఒకే అంకె కూడా సరిపోదు. ఒక బ్రెడ్ దొరక్క పోగొట్టుకునే లాభం 6 రూపాయలు, మిగిలితే వెనక్కి పంపే ఖర్చు 2 రూపాయలు అనుకోండి. 6 ÷ (6 + 2) అంటే 0.75. మీకు కావాల్సింది సగటు అంచనా కాదు, నాలుగు రోజుల్లో మూడు రోజులు సరిపోయే సంఖ్య. ఇలాంటి సంఖ్యనే క్వాంటైల్ అంటారు. లైట్‌జీబీఎంలో క్వాంటైల్ అబ్జెక్టివ్ పెట్టి ఆల్ఫా 0.75 ఇస్తే అదే వస్తుంది. న్యూరల్ నెట్‌వర్క్‌లోనైతే తక్కువ చెప్పినా ఎక్కువ చెప్పినా వేర్వేరు శిక్ష వేసే పిన్‌బాల్ లాస్ వాడాలి. అంచనాల డెమో చూపించే వాళ్లను ముందు ఈ ప్రశ్నే అడగండి. సగటు తప్ప ఇంకేం ఇవ్వలేమంటే అక్కడితో ఆపేయొచ్చు.

అరువు విషయం క్లుప్తంగా. 1968లో ఆల్ట్‌మన్ 66 కంపెనీల అంకెలు, అయిదు నిష్పత్తులతో దివాలా సూచిక కట్టారు. ఇలాంటి పట్టికల డేటాకు ఇప్పటికీ లాజిస్టిక్ రిగ్రెషన్‌తో మొదలుపెట్టి, లాభం కనిపిస్తేనే బూస్టింగ్‌కు పోవడం మేలు. వందలో ఇద్దరే ఎగ్గొట్టే చోట "ఎవరూ ఎగ్గొట్టరు" అనే మోడల్‌కు కూడా 98 శాతం కచ్చితత్వం వస్తుంది, కాబట్టి ఆ అంకె చూపిస్తే నమ్మొద్దు. 5 శాతం ముప్పు అని చెప్పిన నూరు ఖాతాల్లో నిజంగా అయిదారే పోయాయా అన్నది చూడండి. ఎందుకు అరువివ్వలేదని కొట్టతను అడిగితే జవాబు చెప్పాలి కూడా. ఆ పని లాజిస్టిక్ రిగ్రెషన్‌తో తేలిక.

వెతుకులాట: ముందు సాల్వర్, తర్వాతే చీమలు

జీవుల నుంచి నేర్చిన పద్ధతుల్లో మూడు గట్టివి. జాన్ హాలండ్ 1975 నాటికి రూపు కట్టిన జెనెటిక్ అల్గారిథం, మార్కో డొరిగో 1992లో మిలాన్ డాక్టరేట్ పనిలో తెచ్చిన చీమల దండు, 1995లో కెనెడీ, ఎబర్‌హార్ట్ తెచ్చిన పార్టికల్ స్వార్మ్. వీటన్నిటికీ ఒకే లోపం. మంచి జవాబు ఇస్తాయి కానీ అంతకంటే మంచిది ఉందో లేదో చెప్పలేవు. ఇంటీజర్ ప్రోగ్రామింగ్ సాల్వర్ పనిచేస్తూనే "ఇది అత్యుత్తమానికి 2 శాతం లోపలే ఉంది" అని గ్యాప్ చూపిస్తుంది. ఆ 2 శాతం కోసం ఇంకో గంట నడపాలా వద్దా అన్న నిర్ణయం అప్పుడు మేనేజరు చేతిలో ఉంటుంది. జెనెటిక్ అల్గారిథంతో ఆ సంగతే తెలియదు.

పైగా సాల్వర్లు చాలా ముందుకొచ్చాయి. 10 పనులు, 10 యంత్రాల షెడ్యూలింగ్ లెక్క ఒకటి 1963లో వెలువడింది. అన్ని పనులూ ముగియడానికి పట్టే అతి తక్కువ సమయం 930 అని రుజువు కావడానికి 1989 దాకా పట్టింది. ఇప్పుడు గూగుల్ ఓఆర్-టూల్స్‌లోని సీపీ-శాట్ అనే సాల్వర్ దాన్ని మామూలు ల్యాప్‌టాప్ మీద సెకన్లలో తేలుస్తుంది. ఒక్క వాహనం అన్ని ఊళ్లూ తిరిగి రావాల్సిన లెక్కను 2006లోనే 85,900 చోట్లకు రుజువుతో సహా తేల్చారు. అలాంటి శుద్ధమైన లెక్కకు చీమల దండు వాడటం పుస్తకాల్లో బాగుంటుంది, పనిలో దండగ.

పెట్టుబడుల్లోనూ అంతే. యాభై షేర్లలో దేనికెంత అన్నది క్వాడ్రాటిక్ ప్రోగ్రామింగ్ (ఖర్చు ఫార్ములాలో వర్గాలు ఉండే సాల్వర్ లెక్క), క్షణంలో పని. పదే ఎంచుకోవాలని షరతు పెడితే కలయికలు 1,027 కోట్లు అవుతాయి. అయినా సాల్వర్ వాటన్నిటినీ లెక్కపెట్టదు కాబట్టి, యాభై షేర్లకు ముందు దాన్నే ప్రయత్నించాలి.

మరి జెనెటిక్ అల్గారిథం ఎప్పుడు? ఖర్చును ఫార్ములాగా రాయలేనప్పుడు, అంటే ఒక్కో ప్లాన్ మంచిచెడ్డలు కంప్యూటర్‌లో ఉత్తుత్తి పని నడిపితేగానీ (సిమ్యులేషన్) తెలియనప్పుడు. షరతులు వంకరటింకరగా ఉన్నప్పుడు: ఈ బజారులోకి పదింటి తర్వాత వ్యాన్ రానివ్వరు, ఆ కొట్టు మధ్యాహ్నం మూసేస్తారు, నూనె డబ్బాల మీద బిస్కెట్ పెట్టెలు పెట్టొచ్చు కానీ కింద కూడదు. ఖర్చు, సమయం, కస్టమర్ సంతృప్తి ఒకదానితో ఒకటి పొసగనప్పుడు కూడా. ఈ చివరిదానికి ఐఐటీ కాన్పూర్‌లో కల్యాణ్మయ్ దేబ్ బృందం రూపొందించి 2002లో ప్రచురించిన ఎన్‌ఎస్‌జీఏ-2 ఇప్పటికీ మొదటి ఎంపిక. అది ఒక్క జవాబు ఇవ్వదు. ఖర్చు కాస్త పెంచితే సమయం ఎంత తగ్గుతుందో చూపే జవాబుల వరసను ఇస్తుంది.

రూట్ల దగ్గర ఒక సూక్ష్మం ఉంది. ఒంటరి జెనెటిక్ అల్గారిథం ఓడిపోతుంది. రెండు జవాబులను కలిపి పుట్టించిన ప్రతి పిల్ల జవాబునూ, చిన్న చిన్న మార్పులు చేసి చూసే స్థానిక వెతుకులాటతో సరిదిద్దే హైబ్రిడ్ మాత్రం ఈ రంగంలో ముందు వరసలో ఉంది. తిబో విదాల్ బృందం తెచ్చిన హైబ్రిడ్ జెనెటిక్ సెర్చ్, దాని మీద మొదట కట్టిన పైవీఆర్‌పీ ఉచితంగా దొరుకుతాయి. సొంతంగా రాయించుకునే ముందు ఇవి చూడండి.

సొంతంగా రాస్తే ఎక్కడ తప్పుతుందో దగ్గరగా చూద్దాం. ఆరు కొట్లు. తల్లి రూటు 1 2 3 4 5 6, తండ్రి రూటు 3 5 1 6 2 4. నడిమికి కోసి అతికిస్తే 1 2 3 6 2 4 వస్తుంది. రెండో కొట్టుకు రెండుసార్లు వెళ్తాం, అయిదో కొట్టుకు వెళ్లనే వెళ్లం. ఇలా రెండు జవాబులను కలపడాన్ని క్రాసోవర్ అంటారు. ఆర్డర్ క్రాసోవర్‌లో అయితే మొదటి మూడు ఉంచి, మిగిలినవి తండ్రి వరసలో నింపుతాం. 1 2 3 5 6 4 వస్తుంది, ఏదీ పోదు, ఏదీ రెండుసార్లు రాదు. అంకెల వెక్టర్ల కోసం రాసిన లైబ్రరీని రూట్లకు వాడేస్తే జరిగేది ఈ పొరపాటే.

రెండో చిక్కు జరిమానా. వ్యాన్ సామర్థ్యం 1,500 కిలోలు, మించితే కిలోకు రూపాయి జరిమానా అని పెట్టారనుకోండి. 200 కిలోలు ఎక్కువ నింపితే 900 రూపాయల రెండో ట్రిప్పు తప్పుతుంది. అల్గారిథం హాయిగా 200 కట్టి 700 మిగుల్చుకుంటుంది. భయపడి జరిమానా లక్ష చేస్తే మొదటి తరంలో దాదాపు అన్నీ చెల్లని జవాబులే అయి వెతుకులాట అక్కడే చతికిలబడుతుంది. మధ్యేమార్గం, జరిమానాను నడుస్తుండగానే సర్దడం. జనాభాలో, అంటే ఒక తరంలో ఉన్న జవాబుల గుంపులో, చెల్లే జవాబులు 20 నుంచి 40 శాతం ఉండేలా పెంచుతూ తగ్గిస్తూ పోవాలి.

మొదలుపెట్టడానికి జనాభా 100, క్రాసోవర్ జరిగే అవకాశం 0.8 నుంచి 0.9, తల్లిదండ్రులను మూడేసి జవాబుల్లో మంచిదాన్ని ఎంచే టోర్నమెంట్‌తో తీసుకోవడం, ప్రతి తరంలో అత్యుత్తమం రెండు మూడు యథాతథంగా. పార్టికల్ స్వార్మ్‌ను ధరలు, నిల్వ స్థాయిలు లాంటి భిన్నాలొచ్చే చోటే వాడాలి. జడత్వం (పాత వేగాన్ని నిలిపే పాలు) 0.729, సొంత అత్యుత్తమం వైపూ గుంపు అత్యుత్తమం వైపూ లాగే రెండు ఆకర్షణలూ 1.494 అన్నవి బాగా పరీక్షకు నిలిచిన విలువలు. చీమల దండులో మంచి దారి మీద వదిలే గుర్తును ఫెరోమోన్ అంటారు. అది మాసిపోయే ఆవిరి రేటు మరీ తగ్గిస్తే అన్ని చీమలూ తొలి రోజుల దారికే అతుక్కుంటాయి. ఫెరోమోన్‌కు పై హద్దు, కింది హద్దు పెట్టే మాక్స్-మిన్ రకం దీనికి మందు.

గ్రే వూల్ఫ్, ఫైర్‌ఫ్లై, బ్యాట్ అంటూ వచ్చే జంతు ప్రదర్శనను వదిలేయండి. వీటిలో చాలావరకు పార్టికల్ స్వార్మ్ ఆలోచనలకే కొత్త వేషమని డొరిగోతో సహా పరిశోధకులు విడమరిచి చూపించారు.

ఫలితం చూపించేటప్పుడు ఒక్క పరుగు చాలదు. వేర్వేరు ర్యాండమ్ సీడ్‌లతో (యాదృచ్ఛిక ఎంపికలను మొదలుపెట్టే అంకెలు) 20 నుంచి 30 సార్లు నడిపించి, మధ్య విలువా అధ్వాన్న విలువా అడగండి. అందరూ చూపించేది అత్యుత్తమం, మీ వ్యాన్లు తిరిగేది ఏదో ఒక రోజు వచ్చిన దానితో.

రెంటినీ కలిపితే

అంచనా ముందు, వెతుకులాట తర్వాత. 0.75 క్వాంటైల్ నుంచి ఆర్డర్, ఆర్డర్ల నుంచి లోడు, లోడు నుంచి రూటు. జెనెటిక్ అల్గారిథంతో న్యూరల్ నెట్‌వర్క్ బరువులు నేర్పడం అనేది కలయికలా కనిపిస్తుంది కానీ, మామూలు శిక్షణకు, తప్పును వెనక్కి పంపి బరువులు సరిచేసే బ్యాక్‌ప్రాపగేషన్ ముందు అది నిలవదు. మోడల్ సెట్టింగుల వెతుకులాటకైతే ముందు యాభై యాదృచ్ఛిక ప్రయత్నాలు చేసి చూడండి, తరచూ అవే చాలు.

ఈ గొలుసులో చివరికి తెగేది మనుషుల దగ్గర. రోజూ మారే రూటు కాగితం మీద 3 శాతం ఆదా చూపిస్తుంది. కానీ డ్రైవరుకు వీధి కొత్త, కొట్టతనికి మనిషి కొత్త, పాత బాకీ వసూలు ఆగిపోతుంది. నిన్నటి రూటు నుంచి మారిన ప్రతి కొట్టుకూ ఖర్చులో ఒక చిన్న మొత్తం కలపండి. 20 రూపాయలతో మొదలుపెట్టి, రోజుకు మారే కొట్లు పదోవంతు దాటకుండా సర్దండి. ఫోన్లో పెట్టిన రూటును డ్రైవర్లు ఎన్ని చోట్ల తప్పుతున్నారో నెల పాటు నమోదు చేయండి. అందరూ ఒకే చోట తప్పుతుంటే మీ మోడల్‌కు తెలియని షరతు ఒకటి అక్కడుంది. దాన్ని రాబట్టి లెక్కలో చేర్చాకే తర్వాతి నెలకు మళ్లీ నడపండి.